కారులో ఉపగ్రహ రేడియో

కృత్రిమ ఉపగ్రహం నుండి నేరుగా శ్రోత వద్ద ఉన్న గ్రాహకానికి (రిసీవర్) చేరే డిజిటల్ శబ్ద ప్రసారాన్ని ఉపగ్రహ రేడియో లేదా శాటిలైట్ రేడియో అంటారు. ఇది సాధారణంగా చందా చెల్లించి వినవలసిన సేవ. అమెరికాలో ఇది ముఖ్యంగా కార్ల ద్వారా వ్యాపించగా, భారతదేశంలో వరల్డ్‌స్పేస్ సంస్థ ద్వారా 2009 చివరి వరకు ఎక్కువగా ఇళ్ళలో వినబడింది.

ఎఫ్ఎం రేడియోతో భేదం

హైదరాబాదులో కారు స్టీరియోపై 101.9 వద్ద ఆకాశవాణి రెయిన్‌బో వింటున్న శ్రోత, మీట తిప్పి 102.8 వద్ద వివిధభారతినో, 98.3 వద్ద ఒక ప్రైవేటు కేంద్రాన్నో వినవచ్చు. కేంద్రాల యజమానులు వేరైనా గ్రాహకం ఒక్కటే చాలు, ఎందుకంటే ఎఫ్ఎం పద్ధతి అందరికీ ఉమ్మడి. ఉపగ్రహ రేడియోలో ఈ సౌలభ్యం లేదు. ప్రతి సంస్థ తన సంకేతాన్ని తనదైన పద్ధతిలో కూర్చి, చందాదారులు మాత్రమే వినగలిగేలా గుప్తీకరిస్తుంది. కనుక ఒక సంస్థ కోసం తయారైన గ్రాహకం మరొక సంస్థ ప్రసారాన్ని చదవలేదు. పెట్టెను కొన్నవాడు సేవకు కూడా కట్టుబడి ఉండవలసి వస్తుంది.

అమెరికాలో రెండు సేవలు

అమెరికా సమాచార నియంత్రణ సంస్థ 1997లో రెండు సంస్థలకు ఉపగ్రహ రేడియో అనుమతులు ఇచ్చింది. వాటిలో ఎక్స్ఎం 2001లోను, సిరియస్ 2002లోను ప్రసారాలు ప్రారంభించాయి. రెండింటికీ 2320-2345 మెగాహెర్ట్జ్ మధ్య పక్కపక్కనే స్థానాలు లభించాయి. ఎక్స్ఎం భూమధ్యరేఖపై స్థిరంగా కనిపించే రెండు భూస్థిర ఉపగ్రహాలతో ఆరంభమైంది. సిరియస్ మొదట దీర్ఘవృత్తాకార కక్ష్యలలో తిరిగే మూడు ఉపగ్రహాలను వాడింది. ఎత్తైన భవనాల మధ్య ఉపగ్రహం కనబడని చోట్ల పాట ఆగకుండా ఉండటానికి రెండు సంస్థలూ నగరాలలో భూతల పునఃప్రసార కేంద్రాలను నెలకొల్పాయి.

కార్ల తయారీదారులు ఒక్కొక్కరు ఒక్కొక్క పక్షం చేరారు. జనరల్ మోటార్స్, హోండా కార్లలో ఎక్స్ఎం, ఫోర్డ్, క్రైస్లర్ కార్లలో సిరియస్ వచ్చేవి. అందువలన ఏ సేవ వినాలనేది చాలాసార్లు కొనుగోలుదారుని అభిరుచిపై కాక, అతడు ఎన్నుకున్న కారుపై ఆధారపడింది.

కంపెనీ స్టీరియోలో సేవ మార్చుట

ఆ కాలపు అనేక కార్లలో ముందు కనబడే స్టీరియో కేవలం మీటలు, తెర, ధ్వనివర్ధకం ఉన్న భాగం. ఉపగ్రహ సంకేతాన్ని గ్రహించే ట్యూనర్ వేరొక పెట్టెగా, తరచుగా కారు వెనుక భాగంలో గాని సీటు క్రింద గాని ఉండేది. స్టీరియోపై ఉన్న "శాట్" మీట ఆ పెట్టెను పలికిస్తుందే గాని సేవను మార్చదు. సేవ మార్చదలచినవారు సాధారణంగా ఈ క్రమాన్ని అనుసరించవలసి వచ్చేది.

1. స్టీరియో తయారీదారుడు రెండవ సేవకు తగిన ట్యూనర్‌ను కూడా ఇచ్చాడా అని చూడటం. లేనిచో స్టీరియోకు, ట్యూనర్‌కు మధ్య దుబాసీవలె పనిచేసే అడాప్టర్ అవసరం.
2. పాత ట్యూనర్ తీసి కొత్తది అమర్చడం, యాంటెన్నా సరిపోతుందో లేదో పరీక్షించడం.
3. సున్న సంఖ్య గల ఛానలుకు వెళ్ళి, తెరపై కనబడే గ్రాహక గుర్తింపు సంఖ్యను వ్రాసుకోవడం.
4. ఆ సంఖ్యను సంస్థకు తెలిపి చందా కట్టడం. అప్పుడు సంస్థ ఉపగ్రహం ద్వారానే అనుమతి సంకేతం పంపుతుంది. ఆ సమయంలో కారు ఆరుబయట, రేడియో పనిచేస్తూ ఉండాలి.

ఈ రెండు సంస్థలు 2008 జూలైలో విలీనమై సిరియస్ ఎక్స్ఎం అయ్యాయి. విలీనంతో పాత పెట్టెలు ఒకటి కాలేదు. దానికి మారుగా, అదే సంవత్సరం నుండి ఒక సేవలోని కొన్ని ఛానళ్ళను రెండవ సేవ చందాదారులకు అదనపు రుసుముపై అందించారు.

భారతదేశంలో వరల్డ్‌స్పేస్

నోవా సమారా 1990లో స్థాపించిన వరల్డ్‌స్పేస్ సంస్థ, 2000 మార్చిలో ఏషియాస్టార్ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. తెలుగు పాటలకు "స్పందన", కర్ణాటక సంగీతానికి "శ్రుతి", తమిళానికి "కెఎల్ రేడియో" వంటి ఛానళ్ళు ఉండేవి. ప్రకటనల గోల లేకుండా రోజంతా సంగీతం వినిపించడం శ్రోతలను ఆకర్షించింది. సంగీత దర్శకుడు ఎ.ఆర్. రెహమాన్ ఈ సంస్థకు ప్రచారకర్తగా వ్యవహరించారు.

ఈ సేవ కార్లలోకి ఎందుకు రాలేదో హైదరాబాదు తూర్పు భాగంలోని చంపాపేట్ ఉదాహరణతో గ్రహించవచ్చు. ఏషియాస్టార్ 105 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉండేది. చంపాపేట్ నుండి చూస్తే అది ఆగ్నేయ దిశలో, క్షితిజం నుండి సుమారు 53 డిగ్రీల ఎత్తున ఉన్నట్లు లెక్క. ఆగ్నేయానికి తెరిపి ఉన్న డాబాపై గాని కిటికీలో గాని యాంటెన్నాను ఒకసారి గురిపెడితే చాలు. వాయవ్యపు బాల్కనీలో మాత్రం భవనమే అడ్డు. కారు పరిస్థితి వేరు. సైదాబాద్ వైపు వెళ్ళేటప్పుడు ఉపగ్రహం దాదాపు వెనుక ఉంటే, తిరిగి వచ్చేటప్పుడు ముందు ఉంటుంది. మధ్యలో భవనాలు, చెట్లు, వంతెనలు సంకేతాన్ని మాటిమాటికీ తెంపుతాయి. ఈ లోపాన్ని పూరించే భూతల పునఃప్రసార కేంద్రాల వ్యవస్థ మన దేశంలో విస్తృతంగా ఏర్పడలేదు.

మాతృసంస్థ 2008 అక్టోబరులో దివాలా రక్షణ కోరింది. భారతదేశంలో సేవ 2009 డిసెంబరు 31తో ముగిసింది. గ్రాహకాలలో ఏ లోపమూ లేకపోయినా అవి మూగబోయాయి. ఎఫ్ఎం సౌకర్యం కూడా ఉన్న కొన్ని రకాలు మాత్రమే సాధారణ రేడియోలుగా మిగిలాయి.

తదనంతర పరిణామాలు

సిరియస్ ఎక్స్ఎం 2018 నుండి ఉపగ్రహాన్ని, అంతర్జాలాన్ని కలిపి వాడే స్టీరియోలను కొత్త కార్లలో ప్రవేశపెట్టింది. భారతదేశంలో కారు శ్రోతలు ఎఫ్ఎంతో పాటు, ఫోను ద్వారా అంతర్జాల రేడియోను వింటున్నారు. ఫోనులో సేవ మార్చడానికి పెట్టె మార్చనవసరం లేదు. అయితే చందాతో నడిచే ఏ సేవ అయినా, సంస్థ ఆగిననాడు ఆగిపోతుందన్న విషయంలో మార్పు లేదు. ఎఫ్ఎం గ్రాహకం అలా కాదు. ఒక కేంద్రం మూతబడినా అది పక్క కేంద్రాన్ని వినిపిస్తూనే ఉంటుంది.