మూడో రంధ్రం వెనుక తీగ ఉందా?

పానగల్: గోడకు బిగించిన సాకెట్‌లో మూడు రంధ్రాలుంటాయి. కింది రెండింటిలో ఒకటి ఫేజు, మరొకటి న్యూట్రల్. పైనున్న పెద్ద రంధ్రం ఎర్తుది. పల్లెల్లోని పాత ఇళ్లలో చాలాచోట్ల దాని వెనుక తీగే ఉండదు. వేసవిలో ఇనుప కూలర్‌ను తాకితే షాక్ కొట్టడానికి తరచూ ఇదే కారణం.

గుండ్రటి పిన్నుల ఈ అమరిక బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడ 1934లో దీనికి ప్రమాణం రూపొందించారు. 1947లో ఆ దేశం చదరపు పిన్నులు, లోపలే ఫ్యూజు ఉండే ప్లగ్గుకు మారింది. మనం మాత్రం పాతదాన్నే ఉంచుకున్నాం. నేటి 6, 16 ఆంపియర్ల సాకెట్లు దాని వారసులే. ఎర్తు పిన్ను పొడవుగా ఉండటం వల్ల ప్లగ్గు పెట్టేటప్పుడు అదే ముందుగా తగులుతుంది, తీసేటప్పుడు చివరగా విడిపోతుంది.

హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ థర్మల్ కేంద్రం 1920లోనే మొదలైంది. ఊళ్లకు కరెంటు విస్తరించింది ఎక్కువగా 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడిన తర్వాతే. స్తంభం నుంచి ఇంటికి రెండు తీగలు, గోడపై చెక్క పట్టీ, ఒక బల్బు. 1988-89లో వచ్చిన కుటీర జ్యోతి పథకం కూడా పేదల ఇళ్లకు ఒక్క దీపాన్నే ఇచ్చింది. బల్బుకు ఎర్తుతో పనిలేదు. చిక్కల్లా తర్వాత అవే రెండు తీగలకు ఫ్రిజ్, కూలర్, నీళ్ల మోటారు తగిలించడంతో వచ్చింది.

కొందరు సాకెట్‌లోనే ఎర్తును న్యూట్రల్‌కు కలిపేస్తారు. ఇది ఎర్తు లేకపోవడం కన్నా ప్రమాదం. బయట న్యూట్రల్ తీగ తెగితే కూలర్ ఒళ్లంతా కరెంటే.

ఎర్తు ఉన్న ఇళ్లలోనూ నేలను చూసుకోవాలి. నల్గొండ ప్రాంతంలో రాతినేల ఎక్కువ. తేమ ఇంకిపోతే నేల కరెంటును సరిగా లాక్కోదు. ఉదయసముద్రం కింది తడినేలలో దించిన పైపు పనిచేసినట్లు బండమీది ఇంట్లో పనిచేయదు. గుంతలో పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసేది తేమ నిలవడానికే. వేసవిలో అందులో నీళ్లు పోస్తుండాలి.

ఎంసీబీ ఉందన్న ధీమా చాలదు. అది తీగలను కాపాడేది, ఆంపియర్లలో తెగేది. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు కూడా అక్కర్లేదు. వెళ్లిన కరెంటుకు, తిరిగొచ్చిన కరెంటుకు 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ వేరే పరికరం. మీటరు తర్వాత దాన్ని బిగిస్తారు. పాత ఇంట్లో దాన్ని అమర్చే ముందు, సాకెట్లలో ఎర్తు, న్యూట్రల్ కలిసి ఉంటే ఎలక్ట్రీషియన్‌తో విడదీయించాలి. లేదంటే అది మాటిమాటికీ పడిపోతుంది.