ఒకే అణువులో ఆవేశ వితరణ: కెల్విన్ ప్రోబ్ పద్ధతి

ఈ విభాగం చదివిన తరవాత మీరు కెల్విన్ ప్రోబ్ బల సూక్ష్మదర్శిని సూత్రాన్ని వివరించగలుగుతారు. ఒక అణువు మీద చేసిన కొలతను దశలవారీగా చెప్పగలుగుతారు. ఆ కొలతకు ఉన్న పరిమితిని గుర్తించగలుగుతారు.

1. పరిచయం

నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొంత ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కొంత ధనావేశం ఉంటాయని మీరు ఇంటర్మీడియెట్‌లోనే చదివారు. ఈ సంగతిని మనకు తెలిపిన ద్విధ్రువ భ్రామకం కొలతలు ఒక అణువు మీద చేసినవి కావు. అసంఖ్యాకమైన అణువుల మీద చేసినవి. మరి ఒకే అణువు లోపల ఆవేశం ఎక్కడ ఎలా పరచుకొని ఉందో కొలవగలమా? 2012లో స్విట్జర్లాండ్‌లోని ఐబీఎం జ్యూరిక్ పరిశోధనశాలలో ఫాబియన్ మోన్, లియో గ్రాస్, నికోలాయ్ మోల్, గెర్హార్డ్ మేయర్ కొలవవచ్చని చూపారు.

2. సూత్రం

ప్రయోగశాలలో పొటెన్షియోమీటరు వాడినప్పుడు గాల్వనామీటరు ముల్లు సున్నా దగ్గర నిలిచే బిందువును వెతుకుతాం. తెలియని వోల్టేజిని తెలిసిన వోల్టేజితో సరితూచడమే అక్కడ జరిగేది. ఇక్కడి సూత్రమూ అదే.

రెండు వేరువేరు లోహాలను తీగతో కలిపితే కొన్ని ఎలక్ట్రాన్లు ఒకదాని నుంచి మరొకదానికి చేరతాయి. వాటి మధ్య ఏర్పడే తేడాను స్పర్శ పొటెన్షియల్ భేదం అంటారు. ఎదురు వోల్టేజి ఇచ్చి దీన్ని రద్దు చేసి కొలిచే పద్ధతిని కెల్విన్ 1898లో వివరించాడు. 1986లో పరమాణు బల సూక్ష్మదర్శిని వచ్చింది. 1991లో ఈ రెండింటినీ జతచేశారు.

3. కొలత జరిగే తీరు

రాగి స్ఫటికం మీద రెండు పరమాణు పొరల మందంతో ఉప్పు (సోడియం క్లోరైడ్) పరుస్తారు. అణువులోని ఎలక్ట్రాన్లు లోహంతో కలిసిపోకుండా ఈ పొర అడ్డుపడుతుంది. దాని మీద నాఫ్తలోసయనిన్ అణువును ఉంచుతారు. అత్యధిక శూన్యంలో, దాదాపు 5 కెల్విన్ ఉష్ణోగ్రత వద్ద అణువు కదలకుండా ఉంటుంది.

పైన ఒక సన్నని మొన కంపిస్తూ ఉంటుంది. మొనకూ నమూనాకూ మధ్య వోల్టేజి మారుస్తూ పోతే కంపన పౌనఃపున్యంలో మార్పు పరావలయంగా వస్తుంది. కారణం, స్థిర విద్యుత్ బలం వోల్టేజి భేదపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పరావలయం శీర్షం దగ్గరి వోల్టేజి వద్ద ఈ బలం అత్యల్పం. వాండర్ వాల్స్ బలం వోల్టేజి మీద ఆధారపడదు కనుక పరావలయాన్ని పైకీ కిందికీ జరుపుతుందే గాని శీర్షాన్ని పక్కకు జరపదు. అణువు మీద గడులు గీసినట్లు ఒక్కో బిందువు వద్ద శీర్షాన్ని కనుక్కొంటే ఒక పటం తయారవుతుంది. మొన చివర ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువును తగిలిస్తే పటం మరింత స్పష్టమవుతుంది.

4. నమ్మడం ఎలా?

పటంలోని తేడాలు అణువు ఆకారం వల్ల వచ్చినవి కావచ్చు కదా అని మీరు అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు అణువులోనే ఉంది. నాఫ్తలోసయనిన్‌కు నాలుగు చేతులు. మధ్యలో ఎదురెదురు నైట్రోజన్ల మీద రెండు హైడ్రోజన్లు. కాబట్టి హైడ్రోజన్ ఉన్న చేతుల జత, లేని చేతుల జత పటంలో వేరుగా కనిపిస్తాయి. తగినంత వోల్టేజి ఇస్తే ఆ హైడ్రోజన్లు పక్క నైట్రోజన్లకు మారతాయి. చేతులు ఉన్నచోటే ఉన్నాయి. పటం మాత్రం 90 డిగ్రీలు తిరిగింది. సైద్ధాంతిక గణనలు కూడా ఈ ఫలితంతో ఏకీభవించాయి.

5. ఒక జాగ్రత్త

విద్యార్థులు తరచు చేసే పొరపాటు, ఈ పటాన్ని ఆవేశపు ఫొటోగా భావించడం. పటంలోని విలువలు వోల్టులలో ఉంటాయి, కులూంబులలో కాదు. ప్రతి విలువా మొన కింది కొంత ప్రాంతపు సగటు. మొన ఎత్తు మారితే అదీ మారుతుంది. కొలిచినది పొటెన్షియల్. దాని నుంచి ఆవేశ వితరణను మనం గ్రహిస్తున్నాం. ఈ రెండింటి మధ్య తేడా మరవకండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. రాగి మీద ఉప్పు పొర ఎందుకు అవసరం?
2. వాండర్ వాల్స్ బలం శీర్షం స్థానాన్ని ఎందుకు మార్చదు?
3. హైడ్రోజన్లు మారిన తరవాత కూడా పటం తిరగకపోయి ఉంటే, మీరు ఏ నిర్ణయానికి వచ్చేవారు?