దానమిచ్చిన మూత్రపిండాన్ని కాపాడేదెలా?



మన వెన్నెముకకు ఇరువైపులా, చిక్కుడు గింజ ఆకారంలో రెండు మూత్రపిండాలు ఉన్నాయి. ఒక్కొక్కటి దాదాపు పిడికిలి అంత ఉంటుంది. రక్తంలోని మలినాలను వడకట్టి మూత్రంగా బయటకు పంపడం వీటి పని. అవి రెండూ చెడిపోయిన రోగికి, మరొకరు దానం చేసిన మూత్రపిండాన్ని వైద్యులు అమర్చుతారు. 1954లో అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ జోసెఫ్ మరే ఈ శస్త్రచికిత్సను విజయవంతంగా చేశారు. అప్పుడు దాత, రోగి కవల సోదరులు. ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో ఉన్నారు. మరి దాత ఒక ఊరిలో మరణించి, రోగి మరొక ఊరిలో ఉంటే ఏమి చేయాలి?

దేహం నుండి వేరైన మూత్రపిండానికి రక్తం అందదు. అందువల్ల ప్రాణవాయువూ ఆహారమూ అందవు. అయినా దానిలోని కణాలు పని మానవు. ఉన్న కొద్దిపాటి శక్తి ఖర్చైపోగానే అవి నశింపసాగుతాయి. కనుక వాటి పనిని నెమ్మదింపజేయాలి. అందుకు సాధనం చల్లదనం.

మొదటి పద్ధతి మంచులో భద్రపరచడం. ముందుగా చల్లని ద్రావణాన్ని ధమని ద్వారా పంపి, మూత్రపిండంలోని రక్తాన్ని కడిగివేస్తారు. తరువాత దానిని అదే ద్రావణంలో ముంచి, శుభ్రమైన సంచులలో మూసి, మంచు నింపిన పెట్టెలో ఉంచుతారు. అక్కడ ఉష్ణోగ్రత సుమారు 4 డిగ్రీలు. గడ్డ కట్టనివ్వరు, గడ్డ కడితే మంచు స్ఫటికాలు కణాలను చీల్చివేస్తాయి.

మామూలు నీరు ఎందుకు చాలదు? జీవకణం లోపల పొటాషియం, వెలుపల సోడియం ఎక్కువగా ఉంటాయి. కణం నిరంతరం శ్రమించి సోడియాన్ని బయటకు నెడుతూ ఉంటుంది. చలికి ఆ శ్రమ ఆగిపోతుంది. అప్పుడు సోడియం, దాని వెంట నీరు లోపలికి చొరబడి కణం ఉబ్బిపోతుంది. దీనిని నివారించడానికి 1969లో డాక్టర్ జెఫ్రీ కాలిన్స్ పొటాషియం ఎక్కువగా ఉన్న ద్రావణాన్ని రూపొందించారు. 1980లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ బెల్జర్, డాక్టర్ సదర్డ్ మరింత మేలైన ద్రావణాన్ని తయారుచేశారు. ఇటువంటి ద్రావణాలతో మూత్రపిండాన్ని సుమారు ఒక రోజు కాపాడవచ్చు.

రెండవ పద్ధతి యంత్రసాయం. ఒక చిన్న పంపు చల్లని ద్రావణాన్ని మూత్రపిండంలో ఎడతెగక ప్రవహింపజేస్తుంది. అమర్చిన తరువాత కొన్ని మూత్రపిండాలు కొన్నాళ్లు మొరాయిస్తాయి. అంతవరకు రోగికి డయాలిసిస్ తప్పదు. యంత్రంలో ఉంచిన వాటిలో ఈ బాధ తక్కువని పరిశోధనలు తెలిపాయి. అయితే మంచుపెట్టె చౌక, తేలిక. యంత్రానికి ఖర్చు ఎక్కువ.

మూడవది కొత్త పద్ధతి. శరీరపు వేడిలోనే, ప్రాణవాయువు కలిపిన ఎర్ర రక్తకణాలను మూత్రపిండంలోకి పంపుతారు. అప్పుడది మళ్లీ పని ప్రారంభించి మూత్రాన్ని కూడా తయారుచేయగలదు. దానిని చూచి, అది అమర్చదగినదో కాదో వైద్యులు అంచనా వేయగలరు.

ఏ పద్ధతిలోనైనా కాలం పూర్తిగా ఆగదు. ఎంత త్వరగా అమర్చితే అంత మేలు. దాత ఇచ్చినది వృథా కాకూడదనే ఇంతటి శ్రమ.

ఆలోచించి చెప్పండి:
1. మూత్రపిండాన్ని గడ్డ కట్టనివ్వరు. ఎందుకు?
2. చలిలో కణం ఎందువల్ల ఉబ్బుతుంది?
3. మంచుపెట్టెకు, యంత్రానికి గల భేదాలేవి?