లేని గాజుపెంకులు

కన్నులార చూచితినని ఒకడు చెప్పినచో దానికి మించిన ప్రమాణము వేరొండు లేదని తలంచుట లోకమున సహజము. చూచినది మనస్సున చెక్కుచెదరక నిలిచియుండుననియు, అడిగిన తోడనే దానిని వెలికి తీసి చెప్పుటయే జ్ఞాపకమనియు మనము నమ్ముదుము. న్యాయశాస్త్రజ్ఞులు మాత్రము ఈ నమ్మకమును పూర్తిగా అంగీకరింపలేదు. కోరిన జవాబును తనలోనే సూచించు ప్రశ్నను, ప్రతిపక్షము ఆక్షేపించినప్పుడు, న్యాయస్థానము అనుమతి లేనిదే ముఖ్యవిచారణలో అడుగరాదని 1872 నాటి భారత సాక్ష్యచట్టము విధించినది. ప్రశ్నకు జ్ఞాపకమును వంచు శక్తి కలదేమో యను శంక ఆ నిషేధమున ఇమిడియున్నది. కాని శంక వేరు, నిరూపణము వేరు. ఆ శంకను ప్రయోగశాలకు గొనిపోయి, సంఖ్యల సాక్ష్యముతో పరీక్షించిన వారిలో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనువారు ప్రసిద్ధులు. 1974లో వారు ప్రకటించిన రెండు ప్రయోగములు మనోవిజ్ఞానశాస్త్రమున నేటికిని పాఠ్యాంశములుగా నిలిచియున్నవి.

ఉపాధ్యాయ అర్హత పరీక్షకు సిద్ధపడు తెలుగు విద్యార్థులు స్వతంత్ర చరము, పరతంత్ర చరము, జోక్య చరము అను పదములను నిర్వచనములతో సహా కంఠస్థము చేయుచుందురు. నిర్వచనము నోటికి వచ్చినను, ఆ చరములు ఒక ప్రయోగమున ఏ అవసరము వలన పుట్టునో, వానిని విడదీయకున్నచో ఏ ప్రమాదము కలుగునో చూడనివారికి అవి ప్రాణములేని మాటలుగనే మిగులును. ఇంత సొగసైన శాస్త్రవిధానము కేవలము మార్కులకొరకైన బరువుగా మారుట విచారకరము. కావున ఈ రెండు ప్రయోగములను ఆలంబనముగా గొని ఆ విధానమును వివరింప యత్నించెదను.

మొదటి ప్రయోగమున 45 మంది విద్యార్థులకు వాహనముల ప్రమాదములను చూపు ఏడు చలనచిత్ర ఖండములను ప్రదర్శించిరి. ఒక్కొక్క ఖండము అయిదు మొదలు ముప్పది సెకండ్ల నిడివి గలది. ప్రతి ఖండము ముగిసిన పిమ్మట విద్యార్థులు తాము చూచినది వ్రాసి, కొన్ని ప్రశ్నలకు జవాబులీయవలెను. ఆ ప్రశ్నలలో కీలకమైనది ఒక్కటే: కార్లు ఢీకొన్నప్పుడు ఎంత వేగముతో పోవుచుండెను? అయితే ఈ ప్రశ్నలోని క్రియాపదము అందరికిని ఒక్కటి కాదు. తొమ్మిదిమంది చొప్పున అయిదు బృందములకు అయిదు క్రియలు వాడిరి. కార్లు నుజ్జగునట్లు గుద్దుకొన్నవను భావమునిచ్చు 'స్మాష్' మొదలుకొని, ఒకదానినొకటి తాకినవని మాత్రమే తెలుపు 'కాంటాక్ట్' వరకు వాని తీవ్రత క్రమముగా తగ్గుచుండెను. 'స్మాష్' అను మాట విన్నవారు వేగమును సగటున గంటకు 40.8 మైళ్లని అంచనా వేసిరి. 'కొలైడ్' విన్నవారు 39.3, 'బంప్' విన్నవారు 38.1, 'హిట్' విన్నవారు 34.0, 'కాంటాక్ట్' విన్నవారు 31.8 మైళ్లనిరి. చూచిన చిత్రములు అందరికిని అవియే. విన్న మాట మాత్రమే వేరు.

ఇందు పరిశోధకుడు తన యిచ్ఛచొప్పున మార్చినది క్రియాపదము. అది స్వతంత్ర చరము. ఆ మార్పునకు లోబడి మారునో లేదో యని కొలిచినది వేగపు అంచనా. అది పరతంత్ర చరము. ఇట్లు చెప్పిన యెడల విషయము మిక్కిలి సులభముగ తోచును. కాని ఒక చిక్కు కలదు. పరిశోధకులు నిజముగ తెలిసికొనగోరినది జ్ఞాపకమును గూర్చి. కొలిచినది గంటకు మైళ్లను. జ్ఞాపకమును త్రాసున తూచలేము, కొలబద్దతో కొలువలేము. అగోచరమైన మానసిక వ్యాపారమునకు ప్రతినిధిగా కంటికి కనబడు ఏదో యొక చర్యను ఎన్నుకొని, దీనినే ఇచట జ్ఞాపకమని వ్యవహరింతుమని ముందుగ ఒడంబడిక చేసికొనవలెను. దీనిని కార్యాత్మక నిర్వచనమందురు. మనోవిజ్ఞాన ప్రయోగముల బలమును బలహీనతయు తొలుత నిర్ణయమగు చోటు ఇదియే. ప్రజ్ఞ, ఆందోళన, శ్రద్ధ అను పెద్దమాటలు శీర్షికలో కనబడినప్పుడు, లోపల కొలిచినదేమని అడుగు అలవాటు పాఠకునకుండిన ఎంతయో మేలు.

వేగపు అంచనాను మార్చగల కారణములు క్రియాపదమొక్కటియే కాదు. చిత్రమున కార్ల నిజమైన వేగము, చూచువాని డ్రైవింగు అనుభవము, అతని శ్రద్ధ, ప్రశ్న అడిగిన తీరు, ఇవన్నియు నడుమ ప్రవేశింపగలవు. వీనిని జోక్య చరములందురు. వీనిలో కొన్నింటిని అందరికిని సమానము చేయవచ్చును. అందరికిని అవే చిత్రములు చూపుట అట్టిది. అనుభవము, స్వభావము వంటివానిని సమానము చేయుట అసాధ్యము. అందులకు శాస్త్రజ్ఞులు కనుగొనిన ఉపాయము యాదృచ్ఛిక విభజనము, అనగా ఎవరు ఏ బృందమున చేరవలెనో పరిశోధకుని యిష్టమునకు గాని, పాల్గొనువారి యిష్టమునకు గాని విడువక, చీట్లు తీసి నిర్ణయించుట. అట్లు చేసినచో మనకు తెలిసిన భేదములే గాక, మన ఊహకందని భేదములు సైతము ఏదో యొక బృందమువైపు మొగ్గక చెదరిపోవును. మిగిలిన హెచ్చుతగ్గులు కేవలము యాదృచ్ఛికములగుటచే వానిని గణితముతో లెక్కింప వీలగును. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున పైరుల దిగుబడులను పరీక్షించుచు రొనాల్డ్ ఫిషర్ ఈ పద్ధతికి శాస్త్రీయమైన పునాది వేసెను. పొలపు మడులకు ఏర్పడిన నియమము మానవ మనస్సునకు సైతము వర్తించుట విజ్ఞానచరిత్రలో నాకు మిక్కిలి ఆనందము గొలుపు విషయములలో నొకటి.

అయిదు బృందములేల, ఒకే బృందమునకు అయిదు ప్రశ్నలను వేయరాదా యని అడుగవచ్చును. ఒకే వ్యక్తిని అన్ని పరిస్థితులలోను పరీక్షించు పద్ధతి కొన్ని విషయములకు శ్రేష్ఠము. అందు ప్రతివాడును తనకు తానే పోలిక యగును గనుక వ్యక్తిభేదముల బెడద తగ్గును. తక్కువమందితోనే పని నెరవేరును. కాని ఇచట మొదటి ప్రశ్న విన్నవాడు రెండవదానిలో మారిన క్రియను గమనించి ప్రయోగపు ఆంతర్యమును పసిగట్టును. పసిగట్టిన మనస్సు ఇచ్చు జవాబు సహజమైన జవాబు కాదు. కావున భిన్న బృందముల పద్ధతియే ఇందు శరణ్యము.

ఐనను మొదటి ప్రయోగము ఒక సందేహమును తీర్పలేకపోయెను. తీవ్రమైన క్రియ విన్నవాని జ్ఞాపకమే మారినదా, లేక జ్ఞాపకము యథాతథముగ నుండగా, ముప్పదియా నలుబదియా యని తేల్చుకొనలేక మాటను బట్టి పెద్దసంఖ్యవైపు మొగ్గెనా? రెండు వివరణములును ఆ సగటులకు సమానముగనే సరిపోవును. ఎంతటి గణితమును ఈ రెండింటిని వేరుచేయజాలదు. ఏలన, వేరుచేయగల ప్రశ్నను ప్రయోగము అడిగియుండలేదు. లాఫ్టస్, పామరుల ఘనత ఈ లోపమును తామే గుర్తించి రెండవ ప్రయోగమును నిర్మించుటలో నున్నదని నా అభిప్రాయము.

ఈ పర్యాయము 150 మంది విద్యార్థులు. చూపిన చిత్రము నిమిషమునకు లోపలిది; అందు ప్రమాదము నాలుగు సెకండ్లు మాత్రమే. ఏబదిమందిని 'స్మాష్' అను క్రియతోను, ఏబదిమందిని 'హిట్' అను క్రియతోను వేగమును గూర్చి అడిగిరి. తక్కిన ఏబదిమందిని వేగమును గూర్చి అడుగనే లేదు. వేగపు ప్రశ్న ఎదురుకాని ఈ మూడవ బృందమే నియంత్రిత బృందము; అది లేనిచో ప్రశ్నవలన కలిగిన మార్పెంతయో, ప్రశ్న లేకున్నను కలుగు పొరపాటెంతయో తెలియరాదు. వారము గడచిన పిమ్మట అందరిని మరల పిలిచి, చిత్రమును తిరిగి చూపకయే పది ప్రశ్నలు వేసిరి. వాని నడుమ నొకటి: పగిలిన గాజును చూచితిరా? చిత్రమున పగిలిన గాజు లేదు. 'స్మాష్' విన్నవారిలో 16 మంది చూచితిమనిరి. 'హిట్' విన్నవారిలో 7 గురు, వేగమును గూర్చి అడుగబడని వారిలో 6 గురు అట్లు చెప్పిరి. గాజు ప్రశ్న అందరికిని ఒకే మాటలలో అడుగబడినది కనుక, ఇది సంఖ్యవైపు మొగ్గుటయని త్రోసివేయ వీలులేదు. వారము క్రిందట విన్న ఒక్క మాట చూచినదానితో కలిసిపోయినట్లు తోచుచున్నది.

పదునారు, ఏడు, ఆరు: ఈ భేదము మాటవలన కలిగినదేనా, కాకతాళీయమా? సార్థకతా పరీక్షల పని ఇచట ఆరంభమగును. మొదట మాటకు ఏ ప్రభావమును లేదని భావింపవలెను. దీనికి శూన్య పరికల్పనయని పేరు. మొత్తము 150 మందిలో గాజును చూచితిమన్నవారు 29 మంది. మాటకు ప్రభావము లేనిచో వీరు మూడు బృందములందును సమముగ, అనగా సుమారు 9.67 చొప్పున, ఉండవలెను, చూడలేదన్నవారు 40.33 చొప్పున ఉండవలెను. ప్రతి గడిలోను కనబడిన సంఖ్యకును ఉండవలసిన సంఖ్యకును గల తేడాను వర్గము చేసి, ఉండవలసిన సంఖ్యతో భాగించి, ఆరు గడుల ఫలితములను కూడినచో 7.78 వచ్చును. 1900లో కార్ల్ పియర్సన్ ప్రతిపాదించిన కైవర్గ పరీక్ష ఇదియే. కాగితము, పెన్సిలు చేతనున్న పాఠకుడెవ్వడైనను దీనిని సరిచూచుకొనవచ్చును. మొత్తము 29 అని తెలిసిన పిమ్మట రెండు బృందముల లెక్క తెలిసినచో మూడవది తానుగా తేలును గనుక దీనికి స్వేచ్ఛాంశములు రెండు. రెండు స్వేచ్ఛాంశములకు, నూటికి అయిదు అను మేరలో, దాటవలసిన హద్దు 5.99. మన సంఖ్య ఆ హద్దును దాటినది.

దీని అర్థమును జాగ్రత్తగ గ్రహింపవలెను. మాటకు నిజముగ ఏ ప్రభావమును లేకున్నను ఇంతటి లేక ఇంతకు మించిన తేడా కేవలము యాదృచ్ఛికముగ కలుగు అవకాశము నూటికి సుమారు రెండు. పరీక్ష చెప్పునది ఇంతమాత్రమే. పరిశోధకుల మాట నూటికి తొంబదియెనిమిది పాళ్లు నిజమని అది చెప్పదు. ఈ రెండు వాక్యములను ఒకటిగ భావించుట చదువుకొన్నవారిలో సైతము మిక్కిలి వ్యాపించిన భ్రాంతి. నూటికి అయిదు అను హద్దు ప్రకృతి గీచినది కాదు. 1925లో వెలువడిన ఫిషర్ గ్రంథము వలన వ్యాప్తి చెందిన అనుకూలమైన ఆచారము మాత్రమే.

ఏ పరీక్ష వాడవలెనను ప్రశ్నకు జవాబు కొలిచినదాని స్వభావమున నున్నది. అవును, కాదు అను జవాబులను లెక్కించినప్పుడు కైవర్గము. రెండు బృందముల సగటులను పోల్చునప్పుడు టి-పరీక్ష. డబ్లిన్‌లోని గిన్నిస్ మద్య తయారీశాలలో పనిచేయుచుండిన విలియం గాసెట్ దీనిని 1908లో 'స్టూడెంట్' అను మారుపేరున ప్రకటించెను. రెండింటికంటె ఎక్కువ సగటులున్నప్పుడు ఫిషర్ రూపొందించిన విస్తృతి విశ్లేషణము. మొదటి ప్రయోగమున అయిదు సగటులు గలవు గనుక దానినే వాడిరి. జంటజంటగా పోల్చినచో పది టి-పరీక్షలు చేయవలసి వచ్చును. ప్రతిదానిలోను నూటికి అయిదు పాళ్లు మోసపోవు అవకాశముండగా, పదింటిలో ఎచటనో యొకచోట మోసపోవు అవకాశము మిక్కిలి పెరుగును. సగటులను పోల్చు ఈ రెండు పరీక్షల ఆత్మ ఒక్కటే: బృందముల నడుమ భేదమును, బృందములోపలి వ్యక్తుల భేదముతో తూచి చూచుట. ఫిషర్ పర్యవేక్షణలో కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొంది, ఈ సార్థకతా పరీక్షల శాస్త్రమునకు స్వయముగ కొత్త పరీక్షను చేర్చిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివినవాడను సంగతి మన విద్యార్థులకు తెలియవలెను.

సార్థకమనగా పెద్దదని కాదు. 'స్మాష్' విన్న ఏబదిమందిలో 34 మంది గాజును చూడలేదని సత్యమే చెప్పిరి. జ్ఞాపకము సులభముగ వంగునని ఈ ప్రయోగమును ఉదాహరించువారు ఈ 34 మందిని తరచుగ మరచుచుందురు. హద్దును దాటిన ఫలితమును చూచినంతనే తృప్తిపడుట వలన కలిగిన నష్టము 2015లో బయటపడెను. 100 మనోవిజ్ఞాన పరిశోధనలను అనేకులు కలిసి తిరిగి చేసి చూడగా, మూలమున నూటికి 97 సార్థకములుగ ప్రకటితములైనను, పునఃప్రయోగమున నూటికి 36 మాత్రమే సార్థకములుగ తేలెను. కొద్దిమందితో ప్రయోగము చేయుట, పలు పరీక్షలు చేసి హద్దు దాటినదానినే ప్రకటించుట ఇట్టి దుస్థితికి దోహదము చేయునవి. ఫలితము చూడకముందే ఏమి కొలుతుమో, ఏ పరీక్ష చేయుదుమో వ్రాసి నమోదు చేయు ఆచారము ఇటీవల బలపడుచున్నది. అది అత్యవసరమని నా దృఢమైన నమ్మకము.

మరియొక ప్రశ్న మిగిలియున్నది. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచుట చెల్లును, కుండలోని మెతుకులన్నియు ఒకే నీట ఒకే మంటపై ఉడికినవి గనుక. విశ్వవిద్యాలయ విద్యార్థులు లోకమునకు అట్టి మెతుకులు కారు. తెరపై చూచిన ప్రమాదము ఎదుట జరిగిన ప్రమాదము కాదు. కెనడాలో జాన్ యూయిల్, జుడిత్ కట్‌షాల్ అనువారు 1986లో ప్రకటించిన పరిశోధన ఈ లోటునే పూరింప యత్నించినది. పట్టపగలు వీధిలో కాల్పులు జరుగగా చూచిన 21 మంది సాక్షులలో 13 మందిని, నాలుగైదు నెలల పిమ్మట వారు ప్రశ్నించిరి. పగిలిన హెడ్‌లైటు వంటి లేని వస్తువులను ప్రశ్నలో చొప్పించినను అధికులు మోసపోలేదు. వారి జ్ఞాపకము చాలవరకు నిలకడగ నుండెను. ప్రయోగశాలలోని నియంత్రణము ఇందు లేదు: ఎవరు ఎంత దగ్గరనుండి చూడవలెనో పరిశోధకులు నిర్ణయింపలేదు, సాక్షులు ఒకరితోనొకరు మాటలాడుకొనకుండ ఆపలేదు. పాల్గొనని ఎనిమిదిమంది జ్ఞాపకము తక్కినవారి జ్ఞాపకమంత దృఢముగ నుండెనో లేదో ఆ 13 మంది జవాబులనుండి తేల్చుట ఏ గణితపరీక్షకును సాధ్యము కాదు.