పాత తుపాకీని పేల్చాలా, దాచాలా?

మా కొత్తవలస నుంచి విజయనగరం మీదుగా రైల్లో వెళ్తే బొబ్బిలి వస్తుంది. 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం కథ మా వైపు అందరికీ తెలిసిందే. ఆ కాలపు తుపాకీ ఒకటి దొరికిందనుకోండి. బాగుచేసి పేల్చాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?

పేల్చాలనేవాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. మందు కూరడానికి ఎంతసేపు పట్టేదో, ఎంత పొగ కమ్మేదో వాడితేనే తెలుస్తుంది.

కానీ గరుకు కాగితంతో తుప్పు రుద్దితే, చేసినవాడి ముద్రలు కూడా పోతాయి. దీనికి అన్‌డూ లేదు. పైకి కనబడని పగుళ్లుంటే గొట్టమే పేలిపోవచ్చు. కొన్ని పాత తుపాకుల్లో అప్పటి మందు ఇంకా కూరే ఉంటుంది!

చట్టం సంగతీ చూడాలి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉంది. అయితే అది రిపేరు చేసినా పేలని వాటికే. పేలేలా చేశామంటే లైసెన్సు కావాల్సిందే.

అందుకే నా ఓటు దాచడానికే. తేమ తగలకుండా చూసి, కొలతలు, ఫొటోలు తీసుకుంటే చాలు. పేల్చి చూడాలంటే లైసెన్సున్నవాళ్లతో నకలు చేయించుకోవచ్చు. కోడ్ రాసే మనకిది కొత్తేం కాదు: ప్రయోగాలన్నీ కాపీ మీదే, ఒరిజినల్ జోలికి పోకూడదు.