కోటగోడల నడుమ క్రైస్తవం: గోల్డ్‌కోస్ట్ అనుభవం

పశ్చిమాఫ్రికా తీరానికి క్రైస్తవం యూరపు వర్తకనౌకల వెంట చేరింది. అయితే ఆ మతానికి దారి చూపిన వర్తకమే దాని వ్యాప్తికి హద్దులు కూడా నిర్ణయించింది. నేటి ఘనా దేశపు తీరప్రాంతమైన గోల్డ్‌కోస్ట్ చరిత్రలో ఈ వైరుధ్యం స్పష్టంగా కనిపిస్తుంది.

1482లో పోర్చుగీసువారు బంగారపు వర్తకం కోసం ఎల్మినా వద్ద కోట కట్టి, అందులో ప్రార్థనాలయాన్ని నెలకొల్పారు. 1637లో ఆ కోట డచ్చివారి వశమైంది. కాలక్రమంలో బంగారాన్ని మించి బానిసల వర్తకం పెరిగింది. ఒకే ప్రాకారంలో ఒకవైపు దైవారాధన, మరొకవైపు ఓడల రాకకై బంధించి ఉంచిన మనుషుల చెరగదులు ఉండేవి. బోధకుడు వర్తక కంపెనీ ఉద్యోగి. కనుక ఆ వర్తకాన్ని బోధ బహిరంగంగా ప్రశ్నించే అవకాశం స్వల్పం.

ఇందుకు జేకబస్ కాపిటైన్ జీవితం నిదర్శనం. బాల్యంలో బానిసగా అమ్ముడుపోయిన ఆయన నెదర్లాండ్స్‌లో విద్యనభ్యసించారు. బానిసత్వం క్రైస్తవ స్వేచ్ఛకు విరుద్ధం కాదని 1742లో లైడెన్ విశ్వవిద్యాలయంలో లాటిన్ భాషలో వాదించారు. అదే సంవత్సరం డచ్చి కంపెనీ బోధకునిగా ఎల్మినా చేరారు. అయినా ఆయన కృషిని ఆ వాదన ఒక్కదానితోనే తూచలేం. అక్కడ పాఠశాల నడిపారు. పరలోక ప్రార్థనను, పది ఆజ్ఞలను స్థానిక ఫాంటీ భాషలోకి అనువదించారు. ఆ అనువాదం 1744లో అచ్చయింది.

సమీపంలోని కేప్ కోస్ట్ కోట ఆంగ్లేయులది. అక్కడి ఫిలిప్ క్వాకూ 1754లో చదువుకై ఇంగ్లండు వెళ్లారు. 1765లో ఆంగ్లికన్ సంఘంలో గురుపట్టం పొందిన తొలి ఆఫ్రికన్ అయ్యారు. 1766లో తిరిగివచ్చి, 1816లో మరణించేవరకు కోటలోనే పనిచేశారు. దీర్ఘ ప్రవాసంలో మాతృభాషకు దూరమైనందున సొంత ప్రజలతో మాట్లాడడానికి ఆయనకు దుబాసి అవసరమైంది. పాఠశాలలో చేరినవారిలో అధికులు యూరపు తండ్రులకు, ఆఫ్రికా తల్లులకు జన్మించిన పిల్లలు. యాభయ్యేళ్ల సేవ తరువాత కూడా సంఘం కోట వెలుపల పెద్దగా విస్తరించలేదు.

అయితే కోట పాఠశాల నేర్పిన అక్షరం గోడ దాటింది. 1831లో ఆ పాఠశాలలో చదివిన కేప్ కోస్ట్ యువకులు తామే బైబిలు పఠన బృందంగా ఏర్పడి, ఇంగ్లండు నుంచి బైబిళ్లు తెప్పించమని కోరారు. ఫలితంగా 1835లో మెథడిస్టు మిషనరీ జోసెఫ్ డన్‌వెల్ అక్కడికి వచ్చారు. బ్రిటన్ బానిసల వర్తకాన్ని 1807లోనే నిషేధించినందున, ఆయన రాక ఆ వర్తకపు నీడలో జరగలేదు.

మూడున్నర శతాబ్దాలపాటు ప్రధానంగా కోటకు పరిమితమైన మతం, స్థానికులు స్వయంగా చదివి కోరుకున్న తరువాతే ఊళ్లలోకి విస్తరించింది. వర్తకుల వెంట మతం రావడం, ప్రజలు దానిని స్వీకరించడం వేర్వేరు దశలని గుర్తించినప్పుడే ఈ తీరపు క్రైస్తవ చరిత్ర సరిగా అర్థమవుతుంది.