అమ్మమ్మ ఇల్లు ఎంత దూరం?

భాలుబాసాలో మా పక్కింటివాళ్లది విశాఖపట్నం. వాళ్ల నాన్నగారికి ముందు రాయ్‌పూర్‌కు, తర్వాత జంషెడ్‌పూర్‌కు బదిలీ అయింది. పదో తరగతి చదివే వాళ్ల అమ్మాయి మొన్న అట్లాస్, స్కేలు పట్టుకొచ్చింది. "టీచర్‌గారూ, విశాఖ నుంచి రాయ్‌పూర్‌కి తిన్నగా 430 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఇక్కడికి 500. అంటే అమ్మమ్మకి 930 కిలోమీటర్ల దూరం వచ్చేశామా?" అని దిగులుగా అడిగింది.

పిల్లలూ, 930 అనేది తిరిగిన దూరం. ఇంటి నుంచి ఎంత దూరంలో ఉన్నామో తెలియాలంటే దిక్కు కూడా చూడాలి. పరిమాణంతో పాటు దిశ ఉన్న రాశినే సదిశ, అంటే వెక్టర్ అంటాం. దిక్కులు వేరైనప్పుడు సదిశలను మామూలు అంకెల్లా కూడకూడదు. ఒక్కోదాన్నీ ఉత్తరం ముక్కగా, తూర్పు ముక్కగా విడగొట్టాలి. ఈ ముక్కలే అంశాలు. ప్రయాణం లంబకోణ త్రిభుజంలో కర్ణమైతే, అంశాలు మిగతా రెండు భుజాలు. అందుకే మీ త్రికోణమితి ఇక్కడ పనికొస్తుంది.

మొదటి బదిలీ: 430 కి.మీ., ఉత్తరం నుంచి 23 డిగ్రీలు పడమరకు.
ఉత్తరానికి: 430 × కాస్ 23° = 396
పడమరకు: 430 × సైన్ 23° = 168. పడమర తూర్పుకు ఎదురు కనుక తూర్పు లెక్కలో ఇది −168.

రెండో బదిలీ: 500 కి.మీ., తూర్పు నుంచి 20 డిగ్రీలు ఉత్తరానికి.
తూర్పుకు: 500 × కాస్ 20° = 470
ఉత్తరానికి: 500 × సైన్ 20° = 171

ఇక్కడ కాస్, సైన్ చోట్లు మారాయి, చూశారా? ఈసారి కోణాన్ని తూర్పు నుంచి కొలిచాం. కోణాన్ని ఆనుకున్న భుజానికి కాస్, ఎదుటి భుజానికి సైన్.

ఇప్పుడు ఉత్తరంతో ఉత్తరం, తూర్పుతో తూర్పు కూడండి.
ఉత్తరం: 396 + 171 = 567
తూర్పు: 470 − 168 = 302

పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 567, 302ల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సుమారు 640 కి.మీ. దిశ కావాలంటే 302ను 567తో భాగించండి. 0.53 వస్తుంది. టాన్ విలువ అంత ఉన్న కోణం 28 డిగ్రీలు. అంటే విశాఖకు ఉత్తరం నుంచి 28 డిగ్రీలు తూర్పుకు జరిగి ఉన్నాం. భూమి గుండ్రంగా ఉన్నా, ఇంత దూరానికి కాగితం మీది లెక్క ఇంచుమించుగా సరిపోతుంది.

అమ్మాయి అట్లాస్‌లో స్కేలు పెట్టి సరిచూసుకుంది. "అయితే అమ్మమ్మ 290 కిలోమీటర్లు దగ్గరికొచ్చిందన్నమాట!" అని నవ్వుతూ వెళ్లింది.

మీ ఇంటి బదిలీలన్నీ ఇలాగే కూడి చూడండి. వరుస మార్చి కూడినా జవాబు మారదు. సెలవులకు సొంతూరు చేరారా, మొత్తం సున్నా!